ప్రేగు పంపే కబురు

వలీమా దావత్‌లో మనం తినే తీరు గుర్తుకు తెచ్చుకుందాం. బిర్యానీ పళ్ళెం ముందుకు వస్తుంది. కుర్చీ వెనుక మరో మనిషి నిలబడి ఉంటాడు. ఐదు నిమిషాల్లో పళ్ళెం ఖాళీ! ఆ తొందరలో మన ప్రేగు మెదడుకు పంపవలసిన కబురు సరిగా పంపలేకపోతుంది.

గ్రీసు వైద్యులు 17 మంది పురుషులకు ఒకరోజు ఐస్‌క్రీమ్‌ను ఐదు నిమిషాల్లో, మరోరోజు అంతే ఐస్‌క్రీమ్‌ను అరగంటలో తినిపించారు. 2010లో వెలువడిన ఆ పరిశోధన ప్రకారం, నిదానంగా తిన్నరోజే ‘ఇక చాలు’ అని చెప్పే ప్రేగు హార్మోన్లు రక్తంలో ఎక్కువగా కనిపించాయి.

వాటిలో ఒకటి జీఎల్‌పీ-1. చిన్నప్రేగు చివరన, పెద్దప్రేగులో ఉండే కణాలు దీన్ని విడుదల చేస్తాయి. ఇది ఇన్సులిన్‌ను పెంచుతుంది, ఆకలిని అణుస్తుంది. అంతేకాదు, నెయ్యి, మాంసం తిన్న తరువాత ప్రేగు గోడ కొవ్వును సన్నని బిందువులుగా చేసి రక్తంలోకి పంపుతుంది కదా, ఆ పంపకాన్ని కూడా తగ్గిస్తుంది. ఆ కొవ్వు శేషాలూ, చెడ్డ కొలెస్ట్రాల్ మెడలోని ధమనుల గోడల్లో పేరుకుని, అక్కడ కట్టిన గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం రావచ్చు.

ఒంట్లో పుట్టిన జీఎల్‌పీ-1 ఆయుష్షు సుమారు రెండు నిమిషాలే. అందుకే వారం రోజులు పనిచేసే సూదిమందులు తయారు చేశారు. గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న 3,297 మంది మధుమేహ రోగులను రెండేళ్ళు గమనించి 2016లో ఫలితాలు ప్రకటించారు. మందు లేని ఉత్త సూది వేసుకున్నవారిలో 2.7 శాతం మందికి ప్రాణాపాయం లేని పక్షవాతం రాగా, సెమాగ్లూటైడ్ వేసుకున్నవారిలో 1.6 శాతానికే వచ్చింది.

ఇక్కడే మాకు భయం. మాకు తెలిసిన ఒక ఇంట్లో అబ్బాజాన్ ఈ సూది మొదలుపెట్టగానే, “ఇంత ఖరీదైన మందు ఉండగా ఇవెందుకు?” అంటూ కొలెస్ట్రాల్ మాత్రలు, బీపీ మాత్రలు మానేశారు. రెండు నెలల తరువాత కోడలు అల్మారా సర్దుతూ విప్పని అట్టలు చూసింది. సూదితో చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గేది స్వల్పమే. స్టాటిన్ మాత్ర చేసే పని అది చేయదు. చక్కెర, బరువు, రక్తపోటు తగ్గడం వల్ల కూడా మెదడుకు మేలు జరిగి ఉంటుందని వైద్యులంటారు. పైగా ఈ మందుతో కొందరికి వాంతులు, కడుపునొప్పి వస్తాయి. మందుల షాపులో మనంతట మనమే కొనుక్కునేది కాదు.

ఈ సూది వాడుతున్న పెద్దలు మన ఇంట్లో ఉంటే, వారి మాత్రల డబ్బా ఈ వారమే ఒకసారి తెరిచి చూద్దాం. అట్టలు మిగిలిపోయి ఉంటే వాటిని పట్టుకునే డాక్టరుగారి దగ్గరకు వెళ్దాం.