తుపాకుల సంతలో బేరసారములు

బేరమాడుట మన గృహిణులకు క్రొత్త విద్య కాదు. కూరగాయల గంపయొద్దను, గాజుల మలారమునొద్దను, చీరల దుకాణములోను, అడిగిన వెలకును ఇయ్యదగిన వెలకును నడుమ నెంత దూరముండునో మన తల్లులు మనకు బాల్యముననే నేర్పియున్నారు. ఈ విద్యయే అమెరికా సంయుక్త రాష్ట్రములలో శని, ఆదివారములందు ఏదో యొక యూర మఱియొక వస్తువు విషయమున సాగుచుండును. ఆ వస్తువు తుపాకి. వినుటకు వింతగా దోచును గాని, నేడు లక్షలకొలది తెలుగువారు ఆ దేశమున కాపురములు చేయుచున్నారు. మన కుమార్తెలును, కోడండ్రును ఆ యూళ్ళలోనే పిల్లలను బెంచుచున్నారు. కావున ఆ సంత యెట్టిదో, అందు వెలలు ఎట్లు కుదురునో, ఏది బేరమున కందునో, ఏది యందరాదో సోదరీమణులు తెలిసికొనుట మంచిది.

ఈ సంతలను ఆ దేశీయులు గన్ షోలందురు. పశువుల ప్రదర్శనలును, వ్యవసాయ ప్రదర్శనలును జరుగు పెద్ద శాలలను నిర్వాహకులు అద్దెకు బుచ్చుకొని, బల్లలు బారులు దీర్చి, బల్ల కింతయని వర్తకులయొద్ద అద్దె గైకొందురు. చూడవచ్చినవారు ప్రవేశ రుసుము చెల్లింపవలెను. ఓక్లహోమా రాష్ట్రమునందలి టల్సా నగరమున 1955 నుండి జరుగుచున్న సంత వీనిలో మిక్కిలి పెద్దదని ప్రసిద్ధి. ఏటేట ఏప్రిలు, నవంబరు నెలలలో జరుగు ఆ సంతకు నాలుగువేలకు పైబడిన బల్లలు ఒకే కప్పు క్రింద వెలయును. అచట తుపాకులే కాదు. కత్తులు, తోలు నడికట్టులు, పాత యుద్ధముల నాటి టోపీలు, ఎండబెట్టిన మాంసము, స్త్రీల నగలు సైతము అమ్ముడగును. భార్యాభర్తలు పిల్లలతో గూడ వచ్చి యొక పూట గడిపిపోవుట సామాన్యము. ఇంటినుండి తమ తుపాకిని అమ్మ దెచ్చినవారుండిన, అందు తూటా లేదని ద్వారమునొద్ద పరీక్షించి, ప్రేలకుండ ప్లాస్టిక్కు పట్టీతో బిగించి లోనికి విడుతురు. అట్టివారు గొట్టమునకు వెలచీటి యొకటి తగిలించి శాలయంతయు దిరుగుచుందురు.

అమ్మువారు ముత్తెఱంగులు. లైసెన్సు గల వర్తకులు మొదటివారు. పాత తుపాకులను వేడుకకై కూడబెట్టువారు రెండవవారు. ఇంట నున్న ఒకటి రెండు తుపాకులను వదలించుకొన వచ్చిన సామాన్యులు మూడవవారు. బేరముల తీరు ఈ తెఱగులను బట్టి మాఱును. క్రొత్త తుపాకిపై వర్తకునకు మిగులు లాభము స్వల్పము. కావున దాని వెల యెంతో తగ్గదు. పాతదాని సంగతి వేఱు. దానికి కొత్తదనము నూటికింత మిగిలియున్నదని లెక్కవేయుదురు. ఏ తుపాకి యెంత పలుకునో తెలుపు ధరల పుస్తకములును ఏటేట అచ్చగుచున్నవి. వించెస్టరు కంపెనీవారు 1964లో తమ పనితీరును చౌకగా మార్చిరి. నాటినుండి ఆ యేటికి ముందు చేసిన వించెస్టరు రైఫిళ్ళకు ప్రియము హెచ్చినది. మన యింటి పాత యిత్తడి పాత్ర తోమినకొలది తళుకెక్కును. పాత తుపాకి మెఱుగుపెట్టినకొలది వెల తఱుగును. తొలినాటి నల్లపూత యెంత మాసినను, ఎఱిగినవారికి అదియే విలువ.

బేరమునకు మర్యాదలు కలవు. బల్లమీది తుపాకిని అడుగక ముట్టరాదు. చేత బట్టినపుడు గొట్టము నెవ్వరివైపును త్రిప్పరాదు. వస్తువును నిందించి వెల తగ్గింపజూచువాని నచటి వర్తకుడు లక్ష్యము చేయడు. "రొక్కముగా నిచ్చినచో నెంతకు విడుతువు?" అనునది సామాన్యమైన ప్రశ్న. బ్యాంకు కార్డుతో చెల్లించిన వర్తకునకు కొంత రుసుము పోవును గనుక ఆ ప్రశ్నలో న్యాయము కలదు. ఉదాహరణమునకు ఆఱు వందల డాలర్ల చీటి యున్న పాత పిస్తోలునకు కొనువాడు ఐదు వందలనును. అమ్మువాడు ఐదు వందల డెబ్బది యనును. కడకు ఐదు వందల ఏబదికి కుదిరి, పైన తూటాల పెట్టె యొకటి కొసరుగా వచ్చును. కొసరడుగుట మన సొత్తే యని తలంచువారు దీనిని గమనింపవలెను. ఒక్క భేదము మాత్రము కలదు. మన బజారులలో ప్రొద్దుటి బోణీవేళ వర్తకుడు మెత్తబడును. అచట ఆదివారము సాయంకాలము, బల్లలు సర్దువేళ మెత్తబడును. తెచ్చిన బరువును మఱల బండి కెక్కించుటకంటె పది డాలర్లు తగ్గించుకొనుటయే సుఖమని యతని యూహ.

అయితే సరకు విలువ యొక్కటియే ఈ సంతలో ధరను నిర్ణయింపదు. భయమును ధరను నిర్ణయించును. 2012 డిసెంబరులో కనెక్టికట్ రాష్ట్రమున న్యూటౌన్ పట్టణపు పాఠశాలలో ఇరువదిమంది పసిబిడ్డలును, ఆఱుగురు పెద్దలును కాల్పులకు బలియైరి. ప్రభుత్వము తుపాకులపై కట్టుబాటులు విధించునేమో యని కొనువారు ఎగబడగా, తూటాలు దొరకుట దుర్లభమై, దొరకినచోట మునుపటికంటె పెక్కురెట్లు పలికినవి. 2020లో కరోనా వ్యాపించిన దినములలోను ఇట్లే జరిగెను. వానకారు నిత్యావసర వస్తువులను దాచి అమ్ము వర్తకుల నెఱిగిన మనకు ఇది తెలియని నడత కాదు. భయపడి కొన్నవాడు హెచ్చు వెల యిచ్చును. భయము తీఱినపిదప అమ్మినవాడు నష్టపడును.

ఆ దేశపు సంసారములలో నొక పరిహాసము వ్యాప్తిలో నున్నది. "నేను జచ్చినపిదప నా భార్య నా తుపాకులను, కొన్నపుడు నే నామెతో జెప్పిన వెలకే అమ్మివేయునేమో యని నా దిగులు" అని మగవారు నవ్వుకొందురట! చీర వెల తగ్గించి చెప్పిన సోదరీమణులు ఈ మాటలోని మర్మమును వెంటనే గ్రహింతురు. కాని నవ్వు వెనుక నొక కష్టము కలదు. భర్త గతించిన యిల్లాలు ఆయన కూడబెట్టిన తుపాకుల పెట్టెను ఈ సంతలకు దెచ్చినపుడు, తిరిగి యమ్ముకొనదలచిన వర్తకుడు తాను రాబట్టదలచిన వెలలో ఇంచుమించు సగమో, మూడింట రెండు పాళ్ళో మాత్రమే యిచ్చును. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి యన్న సామెత అచటను చెల్లుచున్నది. కనుక బుద్ధిమంతులగు గృహస్థులు ఒక్కొక్కదాని పేరు, సంఖ్య, కొన్న వెల, నేటి విలువ వ్రాసి యుంచి భార్య కెఱిగింతురు. ఆమెయు ఇద్దఱు ముగ్గురు వర్తకుల నడిగి చూడక తొలి బేరమున కొప్పుకొనరాదు. ఇది తుపాకులకే కాదు, నగలకు, పొలమునకు, బ్యాంకు కాగితములకు సైతము వర్తించు హితవు.

ఇక బేరమున కందరాని సంగతి. లైసెన్సు గల వర్తకుడు దుకాణములో నమ్మినను, సంతలో నమ్మినను, కొనువానిచే పత్రము పూరింపించి, వాడు నేరస్థుడా, కొనుటకు నిషిద్ధుడా యని ప్రభుత్వము వారిచే విచారింపింపవలెను. ఈ చట్టము వెనుక నొక యిల్లాలి కన్నీరున్నది. 1981 మార్చి 30వ తేదీన అధ్యక్షుడు రీగనుపై నొకడు కాల్పులు జరుపగా, ఆయన కార్యదర్శులలో నొకడగు జేమ్సు బ్రేడీ తలలో గుండు దూఱెను. ఆయన బ్రదికెను గాని, కాలుసేతులు స్వాధీనము దప్పి చక్రముల కుర్చీలోనే శేషజీవితము గడపెను. ఆయన భార్య సారా బ్రేడీ మఱియొకనాడు తమ చిన్న కుమారుడు పరిచితుల వాహనములో దొరకిన తుపాకిని ఆటవస్తువనుకొని చేత బట్టుట చూచెను. అది తూటాలు నింపిన నిజమైన తుపాకి. ఆమె నాటినుండి ఊరూర దిరిగి, శాసనసభ్యుల నర్థించి, పలుమార్లు ఓడియు విడువక పోరాడెను. 1993 నవంబరు 30వ తేదీన ఆ చట్టము ఆమోదింపబడి, బ్రేడీ పేరనే వెలసెను. 1998 నవంబరునుండి విచారణ నిమిషములలో ముగియు నేర్పాటు కలిగెను.

కాని కేంద్ర చట్టము లైసెన్సు గల వర్తకులనే కట్టివేయును. తన సొంత తుపాకిని అమ్ముకొను సామాన్యుడు విచారణ జరుపనక్కఱలేదు. ఒకే శాలలో, ఒక బల్లయొద్ద పత్రము, విచారణ. ప్రక్క బల్లయొద్ద రొక్కము, కరచాలనము! కొలరాడో రాష్ట్రమున 1998లో పదునెనిమిదేండ్ల యువతి యొకతె ఇట్టి సంతలో సామాన్యులయొద్ద మూడు తుపాకులు కొని, తనకంటె చిన్నవారగు ఇద్దఱు సహాధ్యాయుల కిచ్చెను. 1999 ఏప్రిలు 20వ తేదీన వారు కొలంబైన్ ఉన్నత పాఠశాలలో పండ్రెండుగురు విద్యార్థులను, ఒక యుపాధ్యాయుని పొట్టబెట్టుకొనిరి. విచారణ యున్నయెడల తాను కొనియుండనని ఆ యువతి పిదప వాఙ్మూల మిచ్చెను. 2000 నవంబరులో కొలరాడో ప్రజలు ఇంచుమించు నూటికి డెబ్బదిమంది యొప్పుకొని, తమ రాష్ట్రపు సంతలలో ప్రతి యమ్మకమునకును విచారణ తప్పనిసరి చేసిరి. కాలిఫోర్నియా మున్నగు మఱికొన్ని రాష్ట్రములలోను అట్లే కలదు. టెక్సాసు, జార్జియా వంటి రాష్ట్రములలో లేదు.

సంతల పక్షము వారి మాటయు వినదగినదే. 2016లో ప్రభుత్వము ఖైదీలను ప్రశ్నింపగా, తుపాకి సంతలో గొన్నామన్నవారు నూటి కొక్కరికంటె తక్కువ. సంతకు వచ్చువారిలో అత్యధికులు వేటగాండ్రు, వేడుకకాండ్రు, రైతులు, గృహస్థులే. ఇది సత్యము. కాని పదివేల పాలకుండలు మంచివే యైనను, విషము కలిసిన కుండ యొక్కటి నింటికి వచ్చినదా యని చూచుకొనుట గృహిణి ధర్మము. విచారణకు బట్టునది తఱచుగా కొన్ని నిమిషములే. పోవు ప్రాణము తిరిగిరాదు.

అమెరికాలోని మన తెలుగు సంసారములకు ప్రత్యేకముగా నెఱుగవలసినవి రెండు కలవు. చదువునకో, ఉద్యోగమునకో తాత్కాలికపు వీసాపై నున్నవారు, వారి భార్యలు సైతము, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు దక్క, తుపాకిని కొనుటయే కాదు, దగ్గఱ నుంచుకొనుటయు నేరము. శాశ్వత నివాసపు కార్డు గలవారికి ఈ నిషేధము లేదు. తుపాకి నేరమున శిక్ష పడిన విదేశీయుని దేశమునుండి వెడలగొట్టుటకు చట్టము కలదు. రెండవది: కొనరానివానికై మఱియొకడు తన పేర కొనియిచ్చుట ఘోరాపరాధము. 2022 నాటి చట్టము దీనికి పదునైదేండ్లవఱకు చెఱ విధించినది. "నీకు కార్డున్నది గదా, నాకొకటి కొనిపెట్టు" అని స్నేహితు డడిగిన, మొగమోటమునకు లోబడి తలయూపిన సంసారము కూలును. అట్టి కోరిక యింటికి వచ్చినపుడు కాదని చెప్పు ధైర్యము ఇల్లాలికే యుండవలెను.

తుపాకి నింట నుంచుకొన చట్టము అనుమతించిన వారికిని ఇల్లాలి మాట యొకటి కావలెను. 2023లో ఆ దేశమున తుపాకులవలన మరణించినవారు సుమారు 46,700 మంది. అందు 27,300 మంది తమ చేతులతో తమ ప్రాణమే తీసికొన్నవారు. 2020 మొదలు తుపాకియే ఆ దేశపు బాలబాలికల మరణములకు ప్రధాన కారణమైనది. దొంగ వచ్చునను భయమున కొన్న వస్తువు ఇంటివారికే యెంత కీడు చేయగలదో ఈ లెక్కలే చెప్పుచున్నవి. 2005 నాటి చట్టము ననుసరించి వర్తకుడు చేతి తుపాకితోపాటు తాళము గూడ నీయవలెను. ఆ తాళము పెట్టెలో పడియుండిన లాభము లేదు. తుపాకి తాళమున, తూటాలు వేఱొక తాళమున, తాళపుచెవి పిల్లల కందనిచోట నుండవలెను. ఇంట నెవరి మనసైనను క్రుంగియున్న దినములలో ఆ తుపాకిని ఇల్లు దాటించుటయే మేలు. పిల్లలు పొరుగింటి కాడుకొన బోవునపుడు "మీ యింట తుపాకి కలదా? తాళము వేసి యున్నదా?" అని యడుగుటకు సిగ్గుపడరాదు. నీళ్ళ తొట్టి యున్నదా, కఱచు కుక్క యున్నదా యని యడుగుట యెట్టిదో ఇదియు నట్టిదే.

వెల విషయమున బేరమాడుడు. కొసరు నడుగుడు. గిట్టనిచో లేచి రండు. కాని విచారణను, తాళమును, చట్టమును బేరములోనికి దింపజూచువాడు భర్తయైనను, బంధువైనను, స్నేహితుడైనను, ఆ బేరమును చెడగొట్టుటయే గృహలక్ష్మికి తగిన పని.