సర్వీసు బిల్లులో అసలెంత? అదనమెంత?

విజయవాడ: ఒకప్పుడు ఊరికి ఒక కారుంటే గొప్ప. ఇప్పుడు మైలవరం, తిరువూరు, నందిగామ పరిసరాల పల్లెల్లో సెకండ్‌హ్యాండ్ కారు కొని ఇంటి అవసరాలకూ, కిరాయిలకూ తిప్పుకునే రైతు కుటుంబాలున్నాయి. అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్లాలన్నా, పెళ్లికి చుట్టాలను తేవాలన్నా అదే ఆధారం. కారు కొనడం ఒక ఎత్తు, దాన్ని పోషించడం మరో ఎత్తు. నాలుగైదు వేలతో పోతుందనుకుని సర్వీసుకు ఇస్తే తొమ్మిది వేల బిల్లు చేతికొస్తుంది. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టే.

ఆ భయంతో కొందరు మరుసటి ఏడాది సర్వీసే మానేస్తారు. అసలు నష్టం అక్కడ మొదలవుతుంది. ఇంజనులో రాపిడిని తగ్గించేది, వేడిని లాగేది, మసిని పట్టి ఉంచేది ఆయిలే. కాలం గడిచేకొద్దీ దాని చేవ తగ్గి, చివరకు మడ్డిలా మారుతుంది. ఆయిల్ మార్చకుండా నడిపితే ఇంజను అరుగుతుంది, ఒక్కోసారి పట్టేస్తుంది. అప్పుడు ఖర్చు వేలలోంచి పదివేలల్లోకి పోతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవడమే అవుతుంది.

తప్పనిసరి పనులు కొన్నే

చాలా పెట్రోలు కార్లకు 10,000 కిలోమీటర్లకు గానీ, ఏడాదికి గానీ, ఏది ముందైతే అప్పుడు సర్వీసు చేయించాలి. కారు తక్కువ తిరిగినా ఏడాది గడువు దాటించకూడదు. ప్రతిసారీ తప్పనిసరిగా మార్చేవి ఇంజను ఆయిలు, ఆయిల్ ఫిల్టరు. బ్రేకులు, బ్యాటరీ, టైర్లు, కూలెంట్ పరీక్షిస్తారు. అవసరమైతేనే మారుస్తారు. ఎయిర్ ఫిల్టరును దులిపి మళ్లీ వాడవచ్చు. అయితే మట్టిరోడ్ల మీద, కోతల కాలం దుమ్ములో తిరిగే కారుకు అది త్వరగా పూడుకుపోతుంది. కాబట్టి పల్లె కారుకు పట్నం కారు కంటే ముందే మార్చాల్సి రావచ్చు.

ఏ పని ఎప్పుడు చేయాలో, ఏ రకం ఆయిలు ఎన్ని లీటర్లు పడుతుందో కారుతోపాటు కంపెనీ ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. పాత కారు కొనేటప్పుడు తాళాలతోపాటు ఆ పుస్తకాన్నీ అడిగి తీసుకోవాలి.

మచ్చుకు ఒక బిల్లు

ధరలు కారును బట్టి, షెడ్డును బట్టి మారతాయి. లెక్క తెలియడానికి ఒక చిన్న పెట్రోలు కారును ఊహించుకుంటే, పన్ను కలపకముందు బిల్లు ఇలా ఉండవచ్చు. మూడున్నర లీటర్ల ఆయిలు, లీటరు రూ.500 చొప్పున రూ.1,750. ఆయిల్ ఫిల్టరు రూ.150, ఎయిర్ ఫిల్టరు రూ.300. కూలి రూ.1,500. మొత్తం రూ.3,700. దానిపై 18 శాతం జీఎస్టీ రూ.666. అసలు సర్వీసు రూ.4,366తో ముగిసింది.

ఇక కింది వరుసలు చూడాలి. ఇంజను లోపల శుభ్రం చేసే మందు రూ.900, ఏసీ శుద్ధి రూ.1,000, సీట్ల శుభ్రత రూ.900, పైపాలిష్ రూ.1,200. ఇవి రూ.4,000. పన్నుతో రూ.4,720. అంతా కలిపితే రూ.9,086. సగానికి పైగా సొమ్ము అదనపు పనులకే పోయింది. ఇవి మోసమని కాదు, ఏసీ వాసన వస్తుంటే శుద్ధి అవసరమే. అడగకుండా చేసి బిల్లు వేయడమే తప్పు.

పన్ను విషయంలో మాత్రం కొంత ఊరట ఉంది. బ్రేక్ ప్యాడ్ల వంటి చాలా విడిభాగాలపై ఇదివరకు 28 శాతం జీఎస్టీ ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 18 శాతానికి తగ్గింది. బిల్లులో పాత శాతం కనిపిస్తే అక్కడే నిలదీయాలి.

కొత్త కారుకు మొదట ఇచ్చే ఉచిత సర్వీసుల్లో ఉచితం కూలి మాత్రమే. ఆయిలు, ఫిల్టర్లకు డబ్బు కట్టాల్సిందే.

సంతకానికి ముందే

కారు అప్పగించేటప్పుడు జాబ్‌కార్డు రాస్తారు. చేయాల్సిన పనులు, అంచనా ఖర్చు అందులో రాయించుకుని, చదివాకే సంతకం చేయాలి. చదువు రాకపోతే వెంట చదువుకున్న పిల్లవాణ్ని తీసుకెళ్లడం మేలు. ‘ఇవి కాక ఇంకేం చేయాలన్నా ముందు ఫోను చేయండి’ అని కార్డు మీదే రాయించాలి. మార్చిన పాత సామాను తిరిగి ఇమ్మని ముందే చెప్పాలి. బ్రేక్ ప్యాడ్లు అరిగాయంటే చక్రం విప్పినప్పుడే చూపించమనాలి. కారు ఒక పక్కకు లాగుతుంటేనో, టైరు ఒకవైపే అరుగుతుంటేనో అలైన్‌మెంట్ చేయించాలి.

వారంటీ గడువు ముగిసిన కార్లను చాలామంది ఆటోనగర్ షెడ్లకు తీసుకెళ్తారు. కంపెనీ సర్వీసు కేంద్రం కంటే అక్కడ సాధారణంగా కూలి తక్కువ. అయితే సీలు విప్పని ఆయిల్ డబ్బా తన కళ్ల ముందే తెరిపించుకుని, పుస్తకంలో చెప్పిన రకమేనా అని చూసుకోవాలి. బిల్లు తీసుకోవడం మరువకూడదు. తిప్పిన కిలోమీటర్లు, తేదీ ఉన్న బిల్లులు దాచుకుంటే రేపు కారు అమ్మేటప్పుడు ధర పలుకుతుంది.

అన్యాయం జరిగితే

బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. ముందుగా సర్వీసు కేంద్రం మేనేజరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అక్కడ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపైతే అక్కడ ఫిర్యాదుకు ఫీజు లేదు. జాబ్‌కార్డు, బిల్లు, రసీదు ఉంటే చాలు, మాటకు బలం వస్తుంది.

ఎరువు కొట్టులో బస్తా తూకం చూసుకోనిదే రైతు డబ్బు ఇవ్వడు. సర్వీసు షెడ్డులోనూ అంతే జాగ్రత్తగా ఉంటే అసలు ఖర్చుకు భయపడనక్కర్లేదు, అదనపు ఖర్చుకు తలొగ్గనక్కర్లేదు.