నల్ల పావులతో ఏ డిఫెన్స్ ఆడాలె? మీ ఓటములే చెప్తాయి

ఈరోజు ఒకటే ప్రశ్న. అవతలి వాళ్లు తెల్ల పావులతో ఈ4 ఆడితే మనం ఏం ఆడాలె?

ముందు నా సంగతి చెప్తా. ఆర్నెల్లు ఫోన్‌ల వీడియోలు చూసి సిసిలియన్ డిఫెన్స్ బట్టీ పట్టిన. రేటింగ్ పెరగకపోగా తగ్గింది. ఎందుకంటే నేను పది ఎత్తులు నేర్చుకుంటే, అవతలోళ్లు రెండో ఎత్తుకే ఒంటెను, అంటే బిషప్‌ను, సీ4 మీద పెట్టేటోళ్లు. నా బట్టీ అక్కడే ఖతం. తప్పు సిసిలియన్‌ది కాదు, నా ఆట చూసుకోకుండా ఎంచుకున్న నాది.

అందుకే మీరు ఓడిపోయిన చివరి 20 గేమ్‌లు తెరిచి చూడండి. పావులను ఊరికే పోగొట్టుకుని ఓడిపోతున్నరా? అయితే ఏ డిఫెన్సూ కాపాడదు. ముందు రోజూ పజిల్స్ చెయ్యండి.

మొదటి 15 ఎత్తుల్లోనే రాజు మీద దాడి తట్టుకోలేకపోతున్నరా? కారో-కాన్ చూడండి. ముందు సీ6, తర్వాత డీ5. బంట్ల గోడ గట్టిగుంటది, ఒంటె కూడా బయటికి రావొచ్చు. కాకపోతే సీ6 గడిల బంటు ఉంటది కాబట్టి, గుర్రానికి మంచి చోటు పోతది.

ఓపిక ఉండి, టైం చూసి కొట్టేటోళ్లా? ఫ్రెంచ్ మీకు నప్పుతది. ఈ6, తర్వాత డీ5. జూరాల గేట్ల లెక్క, ముందు ఆపాలె, తర్వాత సీ5తో వదలాలె. ఇబ్బంది ఏందంటే, ఈ6 బంటు మన ఒంటెకే అడ్డం. అయినా దీన్ని తక్కువ అనుకోవద్దు. 2024 నవంబర్ 25న సింగపూర్‌ల వరల్డ్ ఛాంపియన్‌షిప్ మొదటి గేమ్‌ల డింగ్ లిరెన్ నల్ల పావులతో ఫ్రెంచ్ ఆడి గుకేశ్‌ను ఓడించిండు. మ్యాచ్ మాత్రం చివరికి గుకేశే గెలిచిండు, అది వేరే సంగతి. ఆయన టీమ్‌ల మన గుంటూరు హరికృష్ణ కూడా ఉన్నడు.

మరి నెమ్మది ఆటలు బోర్ కొట్టి, తొందరపడి ఓడిపోతున్నరా? అప్పుడు సిసిలియన్, సీ5. పక్క బంటుతోటి డీ4 గడి మీద పోటీ పడతం. ఆట గజిబిజి అయితది, గెలిచే చాన్స్ ఉంటది, ఓడే చాన్స్ కూడా ఉంటది. నన్ను ఏడిపించిన ఆ సీ4 ఒంటెకు జవాబు సింపుల్: ఈ6 ఆడి, డీ5కు రెడీ కావడమే.

వరంగల్ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్ లిస్ట్‌ల 2800 దాటిండు. ఆయన రకరకాల ఓపెనింగ్‌లు ఆడతడు. అది చూసి మనం నెలకొకటి మార్చొద్దు. ఒకటి పట్టుకుని 30 గేమ్‌లు ఆడండి. ప్రతి ఓటమి తర్వాత ఎక్కడ దారి తప్పినమో ఒక్క లైన్ నోట్‌బుక్‌ల రాయండి. ముప్పై లైన్లు నిండేసరికి మీ డిఫెన్స్ ఏదో మీకే తెలుస్తది.

వచ్చే ఎపిసోడ్‌ల డీ4కు జవాబు చూద్దాం. ఉంటా మరి!