చందా అడగడం ఒక ఎత్తు... లెక్క చెప్పడం మరో ఎత్తు!

“ఇంట్లో పంచదార నిండుకుంటే గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లిపోతాం. అదే ముప్ఫై మంది పిల్లల కోసం వంద రూపాయలు అడగాలంటే మాత్రం నోరు పెగలదేమిటండీ?”

మా సాయంత్రం బడి మొదటి మీటింగులో ఒకావిడ అన్న మాట ఇది. అందరం పకపకా నవ్వేశాం. ఆ మాటలో ఎంత నిజం ఉందో బడి మూతపడే రోజు దగ్గరికొచ్చాక గానీ తెలియలేదు.

ఇళ్లలో పనిచేసేవాళ్ల పిల్లలకీ, వాచ్‌మెన్ల పిల్లలకీ సాయంత్రం పూట చదువు చెప్పించాలని నలుగురం ఆడవాళ్లం మొదలుపెట్టిన బడి అది. గది అద్దె 4 వేలు, టీచరమ్మకి 6 వేలు, పుస్తకాలకీ గుగ్గిళ్లకీ 2 వేలు. మొత్తం నెలకు 12 వేలు. అందులో పెద్ద వాటా ఒక వ్యాపారస్తుడు ఇచ్చేవారు. మిగతాది పండక్కో పబ్బానికో తెలిసినవాళ్ల దగ్గర పోగుచేసేవాళ్లం. హాయిగా సాగిపోతోంది కదా అనుకున్నాం. ఉన్నట్టుండి ఆయన వ్యాపారం దెబ్బతింది. “ఇక నావల్ల కాదమ్మా” అనేశారు. ఆయన తప్పేముంది? ఒక్క స్తంభం మీద పందిరి వేసింది మేమే!

సరే, చందాలకి బయల్దేరాం. మూడో ఇంట్లో ఒక పిన్నిగారు మమ్మల్ని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మెల్లగా అడిగారు... “అంతా బాగానే ఉంది గానీ, పోయినేడాది నేనిచ్చిన అయిదొందలు ఏమయ్యాయమ్మా?”

మేం మొహమొహాలు చూసుకున్నాం. ఆ డబ్బు పిల్లల నోటుపుస్తకాలకే ఖర్చయింది. ఒక్క పైసా అటూ ఇటూ పోలేదు. కానీ ఆ సంగతి ఆవిడకి మేం ఎప్పుడైనా చెప్పామా? రసీదు ఇచ్చామా? కనీసం ఒక ఫోను చేశామా? లేదు. ఏడాది తర్వాత మళ్లీ చెయ్యి చాపాం, అంతే. ఆ రోజు ఖాళీ చేతులతో తిరిగొచ్చాం. కోపం ఆవిడ మీద కాదు, మా మీద మాకే.

మీరూ నలుగురు కలిసి బాలవాడో, గ్రంథాలయమో, కుట్టు కేంద్రమో, వృద్ధులకి మధ్యాహ్న భోజనమో నడుపుతున్నారా? అయితే మేం దెబ్బతిని నేర్చుకున్న నాలుగు సంగతులు మీకు పనికొస్తాయి.

అడగడం తప్పు కాదు

మన తెలుగు ఆడవాళ్లకి ఈ పని కొత్తేమీ కాదు. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు దుర్గాబాయికి ఇంకా పన్నెండేళ్లు నిండలేదు. దేవదాసీ స్త్రీలూ, బురఖా చాటున ఉండే ముస్లిం స్త్రీలూ ఆయన మాట వినాలని ఆ పిల్ల పట్టుపట్టింది. 5 వేల రూపాయలు సమకూరిస్తే చూద్దామన్నారు నిర్వాహకులు. ఆ రోజుల్లో 5 వేలంటే మాటలా! ఆ స్త్రీలే తోడు నిలిచి సొమ్ము పోగుచేశారు. సభ జరిగింది. గాంధీజీ మాటలు విని ఎందరో ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు. ఆ దుర్గాబాయే 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు.

ఆవిడదే ఇంకో ముచ్చట. 1923 కాకినాడ కాంగ్రెసు సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని సాక్షాత్తూ జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేశారు. నిర్వాహకులు టికెట్ కొనిచ్చాకే లోపలికి వదిలారు. అడిగేటప్పుడు బెరుకు లేకపోవడం, లెక్క దగ్గర మొహమాటం లేకపోవడం... సంస్థ నడిపేవాళ్లకి కావలసిన రెండు గుణాలూ ఆ పిల్లలోనే ఉన్నాయి చూశారా!

మనం అడిగేది మన కోసం కాదు. ఇచ్చేవాళ్లకి ఒక మంచి పనిలో చోటిస్తున్నాం. ఇలా అనుకుంటే సగం మొహమాటం పోతుంది.

ఎంత అడగాలి? ఎవరిని అడగాలి?

“మీకు తోచినంత ఇవ్వండి” అంటే ఎదుటివాళ్లకి ఏమీ తోచదు! ముందు మీ ఖర్చు మీరు విడగొట్టుకోండి. మాది 12 వేలు, పిల్లలు 30 మంది. అంటే ఒక్కో పిల్లకి నెలకు 400 రూపాయలు. ఈ చిన్న లెక్క కట్టడానికి మాకు రెండేళ్లు పట్టింది.

తర్వాత ఇంకో లెక్క. ఒక్కరు 12 వేలిస్తే సుఖంగానే ఉంటుంది. ఆ ఒక్కరూ మానేస్తే బడికి తాళం. అదే 48 మంది నెలకు 250 చొప్పున ఇస్తే? ఒకరు మానేసినా లోటు 250 రూపాయలే. నెల్లూరు జిల్లాలో సారా ఉద్యమం తర్వాత ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచి పొదుపు సంఘాలు నిలబెట్టలేదూ? చిన్న మొత్తాల బలం మనకి తెలిసిందే.

మొదటి చందా మాత్రం మీ కమిటీ సభ్యులదే కావాలి. “మీరెంత వేశారమ్మా?” అని ఎవరైనా అడిగితే తడుముకోకూడదు. తర్వాత బంధువులు, స్నేహితులు, ఆఫీసులో తోటివాళ్లు, మీరు రోజూ సరుకులు కొనే కొట్టాయన. తలా పది పేర్లు రాసుకోండి. ముక్కూ మొహం తెలియని శ్రీమంతుడి గుమ్మం కన్నా మిమ్మల్ని ఎరిగినవాళ్ల గుమ్మమే మేలు.

ఉత్తరం ఎలా రాయాలి?

మా మొదటి కరపత్రం చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. ‘సమాజాభ్యున్నతికి అహర్నిశలూ శ్రమిస్తూ...’ అంటూ రెండు పేజీలు! మేం చేసే పనేమిటో, మాకు కావలసిందేమిటో అందులో ఎక్కడా లేదు. తర్వాత ఇలా మార్చాం:

“నమస్కారమండీ. మన వీధి చివర రోజూ సాయంత్రం 5 నుంచి 7 దాకా 30 మంది పిల్లలు చదువుకుంటున్నారు. ఒక్కొక్కరికి నెలకు 400 రూపాయలు ఖర్చవుతుంది. ఇన్నాళ్లూ ఆదుకున్న దాత ఇక ఇవ్వలేని పరిస్థితి. మీరు ఏడాదిపాటు నెలకు 250 రూపాయలు ఇవ్వగలరా? శనివారం సాయంత్రం ఒక్కసారి వచ్చి పిల్లల్ని చూడండి. నచ్చితేనే ఇవ్వండి.”

అంతే! ఏం పని, ఎవరికి, ఎంత, ఎప్పుడు... నాలుగూ ఉన్నాయి. కింద సంతకం, ఫోన్ నంబరు.

ఒక్క జాగ్రత్త. జాలి పుట్టించాలని పిల్లల ఫొటోలు, పేర్లు, ఇంటి కష్టాలు కరపత్రాలకెక్కించకండి. రేపు ఆ పిల్ల స్కూల్లో తలెత్తుకు తిరగాలి కదా! ఆదరణ, రక్షణ అవసరమైన పిల్లలెవరో తెలిసేలా పత్రికల్లో, ప్రచారంలో వివరాలు బయటపెట్టడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం కూడా నిషేధించింది. పిల్లలు గీసిన బొమ్మలో, దస్తూరీ కాగితమో చూపించండి. అది చాలు.

ఏదైనా కార్యక్రమం పెడితే పత్రికవాళ్లకి ముందే చెప్పండి. ఒక్క పేజీ మించకూడదు. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎన్ని గంటలకి అన్నది మొదటి నాలుగు లైన్లలోనే ఉండాలి. ముఖ్య అతిథిగారి బిరుదులు తర్వాత!

వాట్సాప్‌లో రోజూ శుభోదయం పువ్వులు పంపితే మీ అసలు కబురు కూడా చూడకుండా తోసేస్తారు. నెలకొక్క కబురు చాలు. అందరికీ విడివిడిగా చేరేలా బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టుకుంటే మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది అందుతుంది. కాబట్టి చందా తీసుకునే రోజే నంబరు సేవ్ చేయించండి. కళ్లజోడు వెతుక్కునే పెద్దవాళ్లకి మీ గొంతుతో మాట్లాడి పంపండి, సంతోషిస్తారు.

రసీదు లేనిదే రూపాయి వద్దు

సొసైటీగా రిజిస్టర్ చేయాలంటే 2001 నాటి మన సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు ఉండాలి. ఆ ఏడుగురినీ ఒకే ఇంటినుంచి తేకండి. బ్యాంకు ఖాతా సంస్థ పేరుతో, ఇద్దరి సంతకాలతో ఉండాలి. సెక్రటరీగారి సొంత ఫోన్‌పే నంబరుకి డబ్బు వేయించుకోవడం సులువే. కానీ ఇంటి పాల డబ్బూ బడి డబ్బూ కలిసిపోతే ఎంత నిజాయితీపరురాలికైనా మాట తప్పదు. రసీదు పుస్తకానికి వరస నంబర్లు వేయించండి. 50 రూపాయలిచ్చినా సరే, అప్పటికప్పుడే రసీదు!

పన్ను మినహాయింపు గురించి ఉద్యోగస్తులు తప్పకుండా అడుగుతారు. సంస్థకి ఆదాయపు పన్ను శాఖ ఆమోదం ఉంటేనే దాతకి, అందరూ 80జి అని పిలిచే మినహాయింపు వస్తుంది. 2 వేలు దాటి నగదుగా ఇస్తే రాదు. బియ్యం, బట్టల రూపంలో ఇస్తే రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకీ రాదు. ఆమోదం ఉన్న సంస్థ ఏటా దాతల వివరాలు పన్ను శాఖకి పంపి, వాళ్లకి సర్టిఫికెట్ ఇవ్వాలి. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి. రసీదు మీద ఏం అచ్చువేయాలో ఆడిటర్ని అడిగి వేయించండి.

అమెరికా డాలర్లా? ఆగండి!

“మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, వెయ్యి డాలర్లు పంపిస్తాడు” అంటారు ఎవరో ఒకరు. ఎగిరి గంతేయకండి! ఆ అబ్బాయి చేతిలో ఉన్నది ఏ దేశం పాస్‌పోర్టో ముందు అడగండి. భారత పౌరుడుగానే ఉండి, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాడా... సొంత మేనల్లుడైనా సరే, అది విదేశీ విరాళమే. రూపాయల్లో ఇచ్చినా అంతే. దానికి కేంద్ర హోం శాఖ దగ్గర ఎఫ్‌సీఆర్ఏ అనుమతి ఉండాలి. డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోకే రావాలి. అనుమతి లేకుండా తీసుకుంటే చేసిన మంచి పనే మెడకు చుట్టుకుంటుంది.

ఇక కంపెనీల సొమ్ము. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకి ఖర్చుపెట్టాలి. ఆ సొమ్ము అందుకోవాలంటే సంస్థ సీఎస్ఆర్-1 అనే ఫారం దాఖలు చేసి నంబరు తెచ్చుకోవాలి. కంపెనీవాళ్లు ముందు అడిగేది మూడేళ్ల ఆడిట్ లెక్కలే. అందుకని ఇవాళ్టి చిన్న రసీదు పుస్తకాన్నే రేపటి పెద్ద విరాళానికి పునాది అనుకోండి.

థాంక్స్ చెప్పారా?

చందా అందిన మూడు రోజుల్లోపు ఫోనో, రెండు ముక్కల ఉత్తరమో వెళ్లాలి. తర్వాత మూడు నెలలకి ఇంకో ఉత్తరం. ఇందులో డబ్బు మాట ఎత్తకూడదు. ‘మీ డబ్బుతో ఇది చేశాం’ అన్న కబురు మాత్రమే. రెండోసారి మనం అడగకముందే వాళ్ల చెయ్యి ముందుకొచ్చేది ఈ ఉత్తరంతోనే.

మేమూ అదే చేశాం. పిన్నిగారి అయిదొందలతో సహా రెండేళ్ల లెక్కా ఒకే కాగితం మీద రాసి, ఇంటింటికీ తీసుకెళ్లి ఇచ్చాం. అందులో ఒక లైను రాయాలా వద్దా అని మాలో మాకే పెద్ద వాదన. చవకలో వచ్చాయని కొన్న బల్లలు రెండు నెలలకే విరిగి 1,800 రూపాయలు వృథా అయ్యాయి. “అది రాస్తే పరువు పోతుంది” అని ఒకరు, “రాయకపోతే నిద్ర పట్టదు” అని ఒకరు. చివరికి రాశాం.

పిన్నిగారు కళ్లజోడు పెట్టుకుని కాగితమంతా చదివారు. ఆ లైను దగ్గర ఆగారు. “బల్లల సంగతి కూడా రాశారే! అయితే మిగతాదంతా నిజమేనన్నమాట” అని నవ్వి, లోపలికెళ్లి 250 తెచ్చి చేతిలో పెట్టారు.

48 మంది దొరికారా అంటే... లేదు. 31 మందే ఒప్పుకున్నారు. నెలకు 7,750 రూపాయలు. అద్దె గది వదిలేసి ఒకావిడ కారు షెడ్డులోకి మారాం. టీచరమ్మ జీతం తగ్గించలేదు, గుగ్గిళ్లు ఆపలేదు. ఇంకా పడే 250 లోటు మేం నలుగురం పంచుకుంటున్నాం. వానొస్తే షెడ్డులోకి జల్లు కొడుతుంది. అయినా బడి నడుస్తోంది, నెలనెలా లెక్క కాగితం షెడ్డు తలుపు మీద అతికిస్తున్నాం.

పోయిన నెల ఒక పిల్ల ఆ కాగితం ముందు నిలబడి వేలు పెట్టి కూడుతోంది. “టీచర్, మొత్తం కరెక్టే!” అంది.

మరి మీ సంస్థ లెక్క కాగితం ఎక్కడ అతికించబోతున్నారు?