కొత్త పికప్‌కు బ్రేకు పట్టడం లేదా?

టమాటా బాక్సులు వేసుకుని మదనపల్లె మార్కెట్‌కు పోయే కొత్త పికప్ బండి, గట్టిగా తొక్కినా చప్పున ఆగడం లేదా? 'కొత్త బండే కదా, సర్దుకుంటుందిలే' అని ఊరుకోవద్దు. కారణమేమిటో చూసుకోవాలి.

కొత్త ప్యాడ్లు, లైనర్లు ఒరుసుకుని కుదురుకునే దాకా, అంటే మొదటి 300 కిలోమీటర్ల వరకు, పట్టు కొంచెం తక్కువగానే ఉంటుంది. అన్నాళ్లూ బరువు తగ్గించి నిదానంగా నడపాలి. ఆ తరువాతా మారకపోతే లోపం ఉన్నట్టే.

పెడల్ స్పాంజిలా మెత్తగా దిగిపోతుంటే గొట్టాల్లో గాలి చేరిందని అనుమానించాలి. రాయిలా బిగుసుకుంటే బూస్టర్‌ను పరీక్షించాలి. బండిని న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజన్ ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కండి. కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టు. దిగకపోతే బూస్టర్‌లోనో, దాని వ్యాక్యూం గొట్టంలోనో తేడా ఉంది.

బ్రేకు ఆయిల్ డబ్బా మూతపై రాసిన రకమే పోయాలి. ఇంజన్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి బ్రేకు మొత్తానికే చెడుతుంది.

వేగం రెండింతలైతే, బ్రేకు తొక్కాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. డీజిల్ మిగులుతుందని ఘాట్‌లో ఇంజన్ ఆపి దిగితే బూస్టర్ సాయం పోతుంది. తక్కువ గేరులోనే దిగాలి.

గ్యారంటీ ఉన్న బండిని బయట విప్పించకండి. షోరూంలో జాబ్ కార్డుపై లోపం రాయించి నకలు తీసుకోండి. బాగయ్యే దాకా లోడు ఎత్తవద్దు.