సొమ్మొకరిది, మోక్షమొకరికి

చైత్ర పున్నమి దగ్గరపడిందంటే మా అమ్రాబాదు ప్రాంతంలో జనమంతా సలేశ్వరం దారి పడతారు. ఏడాది పొడుగునా మూసి ఉండే అడవి బాట ఆ కొద్ది రోజులూ తెరుస్తారు. ఫరహాబాదు మీదుగా అడవిలోకి పోయి, ఆపైన బండరాళ్లు పట్టుకుంటూ కాలినడకన లోయలోకి దిగాలి. అక్కడ జలపాతం, గుహ, గుహలో లింగమయ్య. పూజారులు చెంచులు. దిగేవారు "వస్తున్నం లింగమయ్యా" అని కేక వేస్తారు. ఎక్కేవారు "పోయొస్తం లింగమయ్యా" అంటారు.

ఆ రెండో కేక విన్నప్పుడల్లా నాకు ఒక ఇల్లాలు జ్ఞాపకం వస్తుంది. ఆమె భర్త పోయొస్తనని చెప్పలేదు. ఒక తెల్లవారుజామున చెప్పులు అరుగు మీదనే విడిచి, ఆత్మజ్ఞానం వెతుక్కుంటూ నల్లమలలోకి వెళ్లిపోయాడు. ఇంట్లో ఇద్దరు పసివాళ్లు, ముసలి తల్లి, షావుకారు బాకీ. ఆమె రాత్రింబవళ్లు కుట్టుమిషను తొక్కి బాకీ తీర్చింది, పిల్లలను చదివించింది. ఊళ్లో మాత్రం "ఆయన మహానుభావుడు, అన్నీ వదులుకున్నాడు" అని నేటికీ చెప్పుకుంటారు. ఒకసారి ఆమె నాతో అన్నది:

"ఆయన ఇడిచిపెట్టినవన్ని నేనెత్తుకున్న సారూ. ఇడిచిపెట్టుడు అల్కనే."

నేనేం జవాబు చెప్పగలను? జ్ఞానం కావాలంటే మనిషి వెల చెల్లించవలసిందే. అందులో సందేహం లేదు. కాని ఎవరి సొమ్ముతో?

ఈ లెక్క మన కొండలకు కొత్త కాదు. కృష్ణ ఆవలి ఒడ్డున శ్రీశైలంలో 1378 ప్రాంతాన రెడ్డిరాజు అనవేమారెడ్డి వీరశిరోమండపం కట్టించాడు. భక్త్యావేశంతో వీరశైవులు తమ తలలు, నాలుకలు కోసి మల్లికార్జునునికి అర్పించిన చోటు అది. శాసనంలోనే ఆ సంగతి ఉన్నది. సొంత తలకన్న పెద్ద వెల ఏముంటుంది? అయినా తల ఇచ్చినవాడి ఇంట్లో మర్నాడు పొయ్యి ఎవరు రాజేశారో ఏ శాసనమూ చెప్పదు. ఇచ్చినవాడి పేరే రాతికి ఎక్కుతుంది.

అంతకు రెండు వందల ఏళ్ల ముందే, పన్నెండవ శతాబ్దంలో, కన్నడ దేశం నుంచి ఒక యువతి ఈ కొండలకే నడిచివచ్చింది. ఆమె అక్కమహాదేవి. కౌశికుడనే రాజు ఆమెను కోరాడు. ఆమె చెన్నమల్లికార్జునుణ్ణే భర్తగా ఎంచుకుని, రాజభోగాన్ని, చివరకు కట్టుబట్టను కూడా వదిలి, ఒంటిని జుట్టుతో కప్పుకుని బయలుదేరింది. దారిలో కల్యాణంలో బసవేశ్వరుని అనుభవ మంటపం చేరింది. అక్కడ అల్లమప్రభువు ఆమెను ఊరికే పొగడలేదు, నిలదీశాడు. దేహం మీద మమత పోయిందంటావు, మరి జుట్టు చాటు ఎందుకని అడిగాడు. అది తన కోసం కాదు, చూసేవారి మనసు చెదరకుండా ఉండటం కోసమని ఆమె సమాధానమిచ్చినట్లు శరణుల సంప్రదాయం చెబుతుంది.

ఈ జవాబు గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. సర్వమూ వదిలిన మనిషి కూడా ఎదుటివారిని వదలలేదు! కల్యాణం నుంచి ఆమె శ్రీశైలం వచ్చి కదళీవనంలో లీనమైందంటారు. ఆమె పేరు మోసే గుహకు నేడు పాతాళగంగ నుంచి పడవ మీద పోవచ్చు. లోపల ఇరుకు సందులో వంగి వంగి నడిస్తే లింగ దర్శనమవుతుంది. ఆ చీకటిలో నాకు తోచింది ఒక్కటే. ఆమె చెల్లించిన వెల ఆమె సొంతం. పస్తు పెట్టిన పసివాళ్లు ఆమె వెనుక లేరు.

"మరి బుద్ధుడో?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. యశోధరను, రాహులుణ్ణి వదిలి వెళ్లకపోతే లోకానికి ఆ వెలుగు దక్కేది కాదు. యశోధర దుఃఖాన్ని ఆ వెలుగు రద్దు చేసిందని చెప్పడానికి మాత్రం నాకు నోరు రాదు. ఒకటి మాత్రం నిజం. బోధి పొందిన తరువాత ఆయన కపిలవస్తుకు తిరిగి వచ్చాడు. వదిలిన ఇంటివారికి ముఖం చూపించాడు. బసవేశ్వరుడైతే సంసారం విడవనే లేదు. బిజ్జలుని కొలువులో పని చేస్తూనే, చేసే పనిలోనే శివుణ్ణి చూడమన్నాడు.

కాబట్టి మోక్షం కోసం పడే కష్టం వృథా అని నేను అనను. ఇంట్లోవాళ్ల నోటి దగ్గర కూడు తీసి కట్టే కప్పాన్ని మాత్రం త్యాగమని పిలవలేను.

కిందటి జాతరలో ఆమె మళ్లీ కనబడింది. ఇప్పుడు జుట్టు నెరిసింది, పక్కన మనుమరాలు. గుహ ముందు కూర్చున్న సాధువుల ముఖాలు ఒక్కొక్కటే చూసింది. ఆపైన సీసాలో జలపాతం నీళ్లు పట్టుకుని, మనుమరాలి చెయ్యి అందుకుని, "పోయొస్తం లింగమయ్యా" అంటూ గుట్ట ఎక్కసాగింది.