64 గళ్లలో కొండారెడ్డి బురుజు: జింప్‌తో పిక్సెల్ ఆర్ట్ యానిమేషన్

కొండారెడ్డి బురుజు ఫోటోని 64×64 పిక్సెళ్లకు కుదిస్తే ఏమొస్తుందో తెలుసా? మట్టిముద్ద. నేను మొదట చేసింది అదే. మంచి ఫోటో ఉంది, సాఫ్ట్‌వేర్ ఉంది, సైజు తగ్గిస్తే పిక్సెల్ ఆర్ట్ అయిపోతుంది అనుకున్నా. కాదు. ఆకాశానికీ గోడకీ మధ్య అటూ ఇటూ కాని రంగులు ఓ నలభై వచ్చి కూర్చున్నాయి. "ఒక్కడు" సినిమా చూసినవాళ్లు ఎవరైనా ఇట్టే గుర్తుపట్టే బురుజు అది. నా స్క్రీన్ మీద మాత్రం ఇటుకబట్టీలా ఉంది.

పిక్సెల్ ఆర్ట్ అంటే చిన్న ఫోటో కాదు. ప్రతి గడిలో ఏ రంగు ఉండాలో మనమే నిర్ణయించి గీసే బొమ్మ. చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన కేసెట్ వీడియోగేముల్లోని మారియోనే చూడండి. అన్ని తక్కువ గళ్లలో జుట్టు గీయడం కష్టమని టోపీ పెట్టారు, నోరు గీయకుండా తప్పించుకోవడానికి మీసం పెట్టారు.

నా దగ్గర ఉన్నది 4 జీబీ ర్యామ్ పాత లాప్‌టాప్. ఈ పనికి అది చాలు. ఏస్‌ప్రైట్ ఈ పనికోసమే చేసిన సాఫ్ట్‌వేర్, చాలా బాగుంటుంది, కానీ డబ్బు పెట్టి కొనాలి. లిబ్రెస్‌ప్రైట్, పిక్సెలోరామా ఉచితం. పిస్కెల్ అయితే బ్రౌజర్‌లోనే నడుస్తుంది. నేను జింప్ ఎంచుకున్నా. ఎందుకంటే అది ఆల్రెడీ ఇన్‌స్టాల్ అయి ఉంది, అంతే!

అయితే జింప్ ఫోటోల కోసం పుట్టింది. అంచులు కనబడితే చాలు, వాటిని నునుపు చేయాలని చూస్తుంది. ముందు ఆ అలవాటు మాన్పించాలి. బ్రష్ వద్దు, పెన్సిల్ టూల్ తీసుకుని సైజు 1 పెట్టండి. ఎరేజర్‌లో హార్డ్ ఎడ్జ్ టిక్ చేయండి. సెలెక్షన్ టూల్స్‌లో యాంటీఏలియాసింగ్, ఫెదర్ రెండూ తీసేయండి. ఇమేజ్ మెనూలో కాన్ఫిగర్ గ్రిడ్‌కి వెళ్లి 1 పిక్సెల్ గ్రిడ్ పెట్టి, 800 శాతం జూమ్‌లో పని చేయండి. రంగులు ముందే ఎంచుకోండి. నేను 12తో సరిపెట్టా. ఆ 12తో ఇండెక్స్‌డ్ మోడ్‌లోకి మార్చేస్తే పదమూడో రంగు పొరపాటున కూడా రాదు.

యానిమేషన్ సంగతికొస్తే, జింప్‌లో ఒక్కో లేయర్ ఒక్కో ఫ్రేమ్. అన్నిటికంటే కింద ఉన్నది మొదటి ఫ్రేమ్. నేను రెండు కదలికలు పెట్టా. ఒకటి మే నెల మధ్యాహ్నం సెగ. లేయర్‌ని డూప్లికేట్ చేసి, బురుజు అడుగున కొన్ని వరసలను ఒక్క పిక్సెల్ ఎడమకి, తర్వాత ఫ్రేమ్‌లో కుడికి జరిపా. 4 ఫ్రేములకే కర్నూలు ఎండ వచ్చేసింది. రెండోది ముందు నుంచి వెళ్లే ఆటో. ఫ్రేముకి 4 పిక్సెళ్లు జరిగితే 16 ఫ్రేముల్లో 64 దాటుతుంది. ఆటోని వేరే లేయర్‌లో ఉంచి, ఆఫ్‌సెట్‌లో ర్యాప్ అరౌండ్ పెడితే కుడి అంచున మాయమైంది ఎడమ అంచున తేలుతుంది. తర్వాత బురుజు లేయర్‌తో కలిపేయాలి. సెగకి 4, ఆటోకి 16, నాలుగుతో పదహారు భాగించబడుతుంది కాబట్టి లూప్ ఎక్కడా ఎగరదు. ఆటోకి 15 ఫ్రేములు పెట్టి నేను ఒక సాయంత్రం పోగొట్టుకున్నా, మీరు ఆ తప్పు చేయకండి.

ఇంతవరకూ యూట్యూబ్ చూసి నేర్చుకోవచ్చు. అసలు పాఠం మా మామ చెప్పాడు.

మా మామది ఒంటిమిట్ట దగ్గరి మాధవరం. పట్టుచీరలు నేస్తాడు. కడపకి పనిమీద వచ్చి ఇంట్లో కూర్చుని నా స్క్రీన్ చూసి, "ఏంది అబ్బీ, గ్రాఫ్ ఏస్తాండావా?" అన్నాడు.

"కాదు మామా, పిక్సెల్ ఆర్ట్. బొమ్మ కదులుతాది."

కాసేపు చూశాడు. బురుజు వెనక నేను గీసిన సూర్యుడి మీద వేలు పెట్టి, "ఈ గుండ్రం ఎగుడుదిగుడుగా ఉండాది. ఒకటి దాటినాక రెండు ఏసినావు. రెండు దాటినాక ఒకటి పడల్ల" అన్నాడు.

లెక్కపెట్టి చూశా. 16 గళ్ల సూర్యుడు. నా వరసలు పైనుంచి 6, 8, 12 అని పోతున్నాయి. అంటే పక్కకి ఒక గడి, ఆ తర్వాత 2 గళ్లు. 6, 10, 12, 14, 14 అని మార్చాక, మధ్యలో ఆరు వరసలు 16 పెడితే గుండ్రం కుదిరింది. పిక్సెల్ ఆర్టిస్టులు వీటిని జాగీస్ అంటారు. మెట్లు పెద్దవి నుంచి చిన్నవిగా వరసలో తగ్గాలి, మధ్యలో పెరిగితే కన్ను అక్కడ తట్టుకుంటుంది. నేను ఇంగ్లిష్ వీడియోలో మూడుసార్లు విని కూడా పట్టుకోలేనిది ఆయన కుర్చీలోంచి లేవకుండా పట్టేశాడు.

పట్టడా మరి! గ్రాఫ్ కాగితం మీద ఒక గడి అంటే పడుగూ పేకా కలిసే చోటు. సగం గడి అనేది మగ్గం మీద ఉండదు. గ్రాఫ్‌లో ఒక్కో వరసను బట్టి జకార్డ్ అట్టకి రంధ్రాలు కొడతారు. రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఒకటి, సున్నా! ఫ్రాన్స్‌లో జకార్డ్ ఈ యంత్రం తెచ్చింది 1804 ప్రాంతంలో. మనం బీటెక్‌లో కంప్యూటర్ చరిత్ర అని చదివిన పంచ్ కార్డుల మూలం కూడా అదే.

వెళ్లేముందు మామ అడిగాడు, "దీంట్లో మా పాత బుటాలు ఎక్కించొచ్చునా?" ఆయన నాయన గీసిన గ్రాఫ్ కాగితాలు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. మడతల దగ్గర చిరిగిపోతున్నాయి. అవి పోతే డిజైన్ మళ్లీ గీసేవాళ్లు లేరు.

ఫోన్‌తో ఫోటో తీసి కుదిస్తే మళ్లీ మట్టిముద్దే. ఒక్కో గడీ చూసి పెన్సిల్ టూల్‌తో ఎక్కించాల్సిందే. ఇంకో చిక్కు కూడా ఉంది. పడుగు ఎంత దగ్గరగా ఉంటుందో పేక అంతే ఉండాలని లేదు, కాబట్టి గడి కచ్చితంగా చదరం కాదు. పాత నింటెండో గేముల్లోనూ ఇదే కథ, టీవీ మీద పిక్సెల్ కొంచెం వెడల్పుగా, 8:7 నిష్పత్తిలో కనిపించేది. జింప్‌లో దీనికి దారి ఉంది. ప్రింట్ సైజ్‌లో అడ్డం, నిలువు రిజల్యూషన్లు వేరువేరుగా ఇచ్చి, వ్యూ మెనూలో డాట్ ఫర్ డాట్ తీసేయండి. స్క్రీన్ మీద గడి మీకు కావలసిన ఆకారంలో కనిపిస్తుంది, ఫైల్ మాత్రం మారదు.

బయటికి పంపేటప్పుడు చేసే తప్పు ఒకటి చెప్పాలి. ఎక్స్‌పోర్ట్‌లో జిఫ్ ఎంచుకుని యాజ్ యానిమేషన్ టిక్ చేయండి. ఫ్రేముకి 120 మిల్లీసెకన్లు, ఫ్రేమ్ డిస్పోజల్‌లో రీప్లేస్ పెట్టండి. 20 కంటే తక్కువ పెడితే చాలా బ్రౌజర్లు దాన్ని 100గా మార్చేసి ఇంకా నెమ్మదిగా ఆడిస్తాయి. 64 పిక్సెళ్ల జిఫ్‌ని అలాగే వాట్సాప్‌లో పెడితే అది వీడియోగా మార్చి అలికేస్తుంది. ముందు స్కేల్ ఇమేజ్‌లో ఇంటర్‌పొలేషన్ నన్ పెట్టి సరిగ్గా 8 రెట్లు, అంటే 512 చేయండి. వాట్సాప్ స్టిక్కర్ సైజు కూడా 512 కాబట్టే నేను 64తో మొదలుపెట్టా. రెండున్నర రెట్లు, మూడు ముప్పావు రెట్లు వద్దు, గళ్లు కొన్ని లావు, కొన్ని సన్నం అయిపోతాయి.

బురుజు స్టిక్కర్ మా కాలేజీ గ్రూపులో తిరుగుతోంది. బుటాలు ఇప్పటికి మూడు ఎక్కించా. నాలుగోది హంస. దాని మెడ దగ్గర కాగితాన్ని చెదలు తినేసింది, సుమారు 30 గళ్లు లేవు. ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని మాధవరం వెళ్తున్నా. ఆ మెడ ఎట్లా తిరిగేదో మామ పక్కన కూర్చుని చెప్పాలి.